దెబ్బకో పలుకు

మా డ్రిల్లు మేష్టారు పోయారు. రెండు వారాల కిందట ఆదివారం పొద్దున్న ప్రసాదు ఫోన్ చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "సారు లేరే ఇంక" అన్నాడు. ఏ సారని నేను అడగలేదు. మా ఇద్దరికీ సారంటే ఒక్కరే. స్టవ్ మీద పాలు పొంగిపోయి మంట ఆరిపోయిన సంగతి మా ఆయన వచ్చి అరిచేదాకా నాకు తెలియలేదు. నిద్రలోనే పోయారట. "ముందురోజు సాయంత్రం కూడా వీధిలో పిల్లల చేత కర్ర తిప్పించారట" అన్నాడు ప్రసాదు. అదీ మా మేష్టారంటే, అనుకున్నాను. ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను.

పేపర్లో ఫోటో పడే మనిషి కాదాయన. జిల్లా స్థాయి బహుమతులేవీ రాలేదు, ఆయన తయారుచేసిన క్రీడాకారులూ ఎవరూ లేరు. ఆయన మాకు నేర్పింది ఒక ఆట. ఆ ఆట గురించి చెబితే ఇప్పటికీ జనం నన్ను అదోలా చూస్తారు. చూడనీయండి. ఆయన గురించి రాయడానికి నాకంటే తగినవాళ్లు ఉండొచ్చు గానీ, వాళ్లు రాయడం లేదు కదా.

సీలేరుకీ డొంకరాయికీ మధ్య కొండ మీద ఒక చిన్న క్యాంపు కాలనీ ఉండేది. మా నాన్న పవర్‌హౌస్‌లో ఆపరేటరు. తొంభైల్లో మాట. వానాకాలం వచ్చిందంటే మాకు ఆకాశం కనిపించేది కాదు. టీవీ పెడితే బొమ్మ బదులు చుక్కలు. గ్రౌండంతా బురద. డ్రిల్లు పీరియడ్ వస్తే లెక్కల మేష్టారు పులిలా కాచుకుని కూర్చుని మమ్మల్ని లాక్కుపోయేవారు. మా సారుకి అది చచ్చేంత అవమానం. "గ్రౌండు తడిసిపోతే నానేటి పనికిమాలినోణ్ణేటి?" అని స్టాఫ్ రూములో దెబ్బలాడి, మా పీరియడ్ మాకు తెచ్చిచ్చారు.

ఆయనది విజయనగరం దగ్గర ఒక పల్లె. కర్రసాము వాళ్లింట్లో తాతల నాటి విద్య. బక్కపల్చటి మనిషి, కానీ కర్ర చేతికొస్తే కర్ర కనిపించేది కాదు, గాలి చప్పుడే. కాన్వాసు బూట్లకి రోజూ చాక్‌పీసు రుద్ది తెల్లగా ఉంచేవారు. విజిలు మెళ్లో వేసుకునేవారు కాదు, జేబులో పెట్టుకునేవారు. ఎందుకు సార్ అంటే, "మెళ్లో ఉంటే ఊరికే ఊదబుద్దేస్తాది. పిల్లలు కుక్కలేటి?" అనేవారు. దేవుడేం కాదు లెండి. కేరమ్స్‌లో ఓడిపోతే రెండు రోజులు మాట్లాడేవారు కాదు. నీళ్ల ట్యాంకు వెనక బీడీ కాల్చి, జామాకు నమిలి వచ్చేవారు. ఎవరికీ తెలియదనుకునేవారు పాపం. జామచెట్టుకి ఆ పక్క ఆకే ఉండేది కాదు.

ఇంజినీరుగారి రెండో అబ్బాయి ప్రసాదు నా క్లాసు. వాళ్లన్నయ్య బెంగుళూరులో చదువుకుంటూ సెలవులకొచ్చి ఒక జిరాక్సు పుస్తకం ఇంట్లో వదిలేసి పోయాడు. అదొక ఇంగ్లీషు ఆట. బోర్డుండదు, పావులుండవు. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్లు అందులో మనుషులవుతారు. ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తావు అంటాడు. లోపలికెళ్తాను అంటే పాచిక వేసి ఏమైందో చూస్తారు. ప్రసాదు దాన్ని స్కూలుకి తెచ్చి డ్రిల్లు పీరియడ్‌లో దొరికిపోయాడు. చింపేస్తారనుకున్నాం. సారు వరండా అరుగు మీద కూర్చుని, మా చేత చదివించుకుని, అర్థం చెప్పించుకుని, "బాగుందిరా ఇది. బురద అంటదు" అన్నారు.

అలా మొదలైంది. పుస్తకంలో చెప్పిన పాచికలు మా దగ్గరెక్కడివి? మేష్టారి భార్య, మేమంతా పిన్నిగారు అనేవాళ్లం, తన గవ్వలిచ్చారు. వెల్లకిలా పడ్డవాటిని లెక్కపెట్టేవాళ్లం. గ్రౌండుకి గీతలు గీసే సున్నంతో అరుగు మీద కొండలూ వాగులూ వేసి కథ చెప్పేవారు సారు. పచ్చి కాఫీ కాయలు శత్రువులు. సోడా మూత ప్రసాదు. చింతగింజ నేను. నున్నటి నల్లరాయి బుద్రి.

బుద్రి గురించి చెప్పాలి. మా క్యాంపుకి పైనున్న కొండ ఊరి పిల్ల. హాస్టల్లో ఉండి మాతో ఎనిమిది చదివేది. నత్తి. మామూలు నత్తి కాదు, మొదటి అక్షరం గొంతులో ఇరుక్కుందంటే ఇంక రాదు. మెడ నరాలు ఉబ్బేవి, కళ్లు మూసుకుపోయేవి. క్లాసులో హాజరు పలికేలోగా క్లాసు టీచరు తర్వాతి పేరుకి వెళ్లిపోయేవారు. అందుకని మాట్లాడటమే మానేసింది. ఆటలో కూడా గవ్వలు వేసేది, తన రాయి జరిపేది, అంతే. కానీ ఆ రాయి ఎక్కడికి జరపాలో ఆ పిల్లకి తెలిసినట్టు మాకెవరికీ తెలిసేది కాదు. మేం గుమ్మంలోంచి గుహలోకి పోతుంటే తను వెనక నుంచి పొగబొక్క వెతికేది.

ఆటలో కత్తి పట్టేవాళ్లు వేరు, మంత్రం వేసేవాళ్లు వేరు. ఆ మంత్రం అన్న మాట మొదటిరోజే పోయింది. బుద్రి నా మోచేయి గిల్లి, చాలాసేపు అవస్థపడి, "మ... మంత్రం అనొద్దు" అంది. వాళ్ల ఊళ్లో ఎవరో ముసలమ్మ మీద మంత్రాలు చేస్తుందన్న నింద పడి ఇల్లొదిలి పోవాల్సొచ్చిందట. సారు వెంటనే, "నిజమే. ఈ కొండల మీద ఆ మాట ఆటకి పనికిరాదు" అని, దానికి 'పలుకు' అని పేరు పెట్టారు. పలుకు వేస్తే మంట రావచ్చు, వాగు ఆగొచ్చు, ఆటలో ఏదైనా కావచ్చు.

ప్రసాదుకి ఆశ ఎక్కువ. కత్తీ కావాలి, పలుకూ కావాలి. "ఒకే వంతులో రెండూ చేస్తాను సార్" అన్నాడు. నేను రూల్సు మనిషిని, ఇప్పటికీ అంతే, మా బ్యాంకులో అందరికీ నేనంటే అందుకే మంట. పుస్తకం తెరిచి చదివాను: ఇనుప చొక్కా తొడుక్కున్నవాడికి పలుకు రాదు, ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి, మధ్యలో దెబ్బ తగిలితే అది పోతుంది.

"ఇనుం తొడుక్కుంటే ఎందుకు రాదే?" అన్నారు సారు.

"అలా రాసుంది సార్."

"రాసినోడు ఎప్పుడైనా కర్ర తిప్పేడేటి? లెగండి."

ముగ్గురినీ వానలో గ్రౌండులోకి తోలారు. కర్రలిచ్చారు. కర్ర తిప్పుతూ ఎక్కాలు చెప్పమన్నారు. తొమ్మిదో ఎక్కం మధ్యలో ప్రసాదు తన మోకాలు తనే కొట్టుకున్నాడు. నాకు కర్ర సాగితే ఎక్కం ఆగింది, ఎక్కం సాగితే కర్ర జారింది. బుద్రి కర్ర మాత్రమే తిప్పింది. సారు నవ్వి, "సూసేరా? సెయ్యి కాదు, ఇనుమూ కాదు. ఊపిరి. దెబ్బ కొట్టినప్పుడు ఊపిరి బిగబట్టాల, మాటాడాలంటే వదలాల. ఉన్న ఊపిరొకటే" అన్నారు. అదే రూలయింది. వంతుకి ఒకటే పని. రెండూ కావాలంటే, కొట్టానని చెప్పి, అదే ఊపిరితో తన పలుకు మొత్తం తడబడకుండా పైకి అనాలి. తడబడితే రెండూ పోయినట్టే.

ఎంత మంచి రూలో! బెంగుళూరు పుస్తకంలో లేదు అలాంటిది. ఎవరి పలుకు వాళ్లే కట్టుకున్నాం. రాత్రీ పగలూ అవే మాటలు. మా అమ్మ కూర తరుగుతూ నా పలుకు అనడం మొదలెట్టింది.

అదే రూలు బుద్రిని ఆటలోంచి తోసేస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు. సారుకి కూడా.

ఆ దసరా సెలవులకి ముందు రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. మొదటిది, హెడ్మాస్టరుగారు బుద్రిని పిలిచి, సెలవులయ్యాక తన గదిలో పుస్తకంలోంచి ఒక పేజీ పైకి చదివి వినిపించాలన్నారు. పరీక్షల్లో ఆ పిల్ల రాసేది పక్కవాళ్లను చూసి రాస్తోందని క్లాసు టీచరుకి అనుమానం. పక్కన కూర్చునేది నేను. నా పేపర్లో చూసి రాయడానికి ఏముందని! హెడ్మాస్టరు చెడ్డాయనేం కాదు. హాస్టల్లో చోటు తక్కువ, చదువు రాని పిల్ల చోటు పట్టుకుందని ఆయన గోల. చదవలేకపోతే తండ్రికి అప్పజెప్పేస్తానన్నారు. చదువు బుద్రికి బాగా వచ్చు. దాన్ని నోటి దాకా తేవడమే రాదు.

రెండోది ఆటలో. మేం ఒక కోట ద్వారం దగ్గరున్నాం. దాన్ని రాతి ఏనుగు కాస్తోంది. కత్తి దాన్ని కోయలేదు, పలుకు దాని చెవికెక్కదు. రెండూ ఒకేసారి తగిలితేనే పడుతుంది. ప్రసాదు సోడా మూత ఏనుగు కాలికింద పడింది. నా పలుకు మధ్యలో తడబడి పోయింది. మిగిలింది బుద్రి. గవ్వలు వేసింది, అన్నీ వెల్లకిలా పడ్డాయి. ఇంక పలకాలి.

లేచి నిలబడింది. పెదవులు కలిశాయి, విడిపోలేదు. మెడ నరాలు లేచాయి. మేం చూడలేక తలలు వంచుకున్నాం. చివరికి ప్రసాదు, వాడి మనసు మంచిదే, "సార్, బుద్రికి ఈ రూలు వద్దు సార్. అన్నట్టే అనుకుందాం" అన్నాడు.

బుద్రి వాడివంక చూసిన చూపు నేను మర్చిపోలేదు. వాడు తిట్టినా తనకి అంత కోపం వచ్చేది కాదు. తన నల్లరాయి తీసి వానలోకి విసిరేసి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే సెలవులకి ఊరెళ్లింది. సెలవులయ్యాయి, అందరూ తిరిగొచ్చారు. బుద్రి రాలేదు.

ఆదివారం పొద్దున్నే సారు మా ఇంటికొచ్చి, "గుంటని పంపండమ్మా, కొండెక్కి వొద్దుం" అన్నారు మా అమ్మతో. గుంట అంటే వాళ్ల వైపు ఆడపిల్ల. ప్రసాదునీ తీసుకుని ముగ్గురం బయల్దేరాం.  దారిలో ఒకసారి సారు, "రూలు పెట్టినోణ్ణి నాను. ఆ గుంట తప్పేటుంది?" అన్నారు, మాతో కాదు.

ఊరి మొదట్లోనే దంచుతున్న చప్పుడు వినబడింది. బుద్రీ వాళ్లక్కా రోట్లో సామలు దంచుతున్నారు. ఒకరి రోకలి లేస్తే ఒకరిది పడుతోంది. దంచుతూ వాళ్ల భాషలో ఏదో పాడుతున్నారు, పాట కాదు, మాటలే, అక్కొక మాటంటే చెల్లెలొక మాట. సారు కంచె దగ్గర ఆగిపోయారు. మమ్మల్నీ ఆపారు. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, రెండో గొంతు బుద్రిది. ఎక్కడా ఆగడం లేదు! రోకలి పడుతోంది, మాట పడుతోంది. సారు కళ్లు మూసుకుని వేలితో కంచె కర్ర మీద కొట్టుకుంటూ ఎంతసేపు విన్నారో.

మమ్మల్ని చూడగానే బుద్రి గొంతు ఆగిపోయింది. రోకలి వదిలేసి ఇంట్లోకి పోయింది. వాళ్ల నాన్న మంచం వేసి కూర్చోమన్నాడు.

"అది మాటాడనేదు కదా సారూ. బడికాడ ఏటి సేత్తాది? కాఫీ పళ్లు ఏరడానికి మాటెందుకు?" అన్నాడు. కోపంగా కాదు, బాధగా. బడిలో కూతురికి అవమానమని అతనికి తెలిసిపోయింది.

 సారు లేచి రోటి దగ్గరికెళ్లి, బుద్రి వదిలేసిన రోకలి ఎత్తి, "అమ్మా, నాకు సూపించు" అన్నారు వాళ్లక్కతో. ఇంక చూడాలి! అంత కర్రసాము తెలిసిన మనిషి, రోకలి పట్టుకుంటే పడాల్సినప్పుడు పడదు. గింజలు ఎగిరి బయట పడుతున్నాయి. చుట్టూ చేరిన ముసలమ్మలు పడీపడీ నవ్వారు. ఒకావిడ, "ఈ సారు పెళ్లాం ఎలగ తింటందో" అంది. సారు దంచుతూ మాట కూడా అనబోయి రొప్పుతున్నారు. చివరికి గుమ్మంలోంచి బుద్రి ఫక్కున నవ్వింది. వచ్చి రోకలి లాక్కుంది.

సారు చెమట తుడుచుకుంటూ కింద కూలబడ్డారు. "ఓరోరి! నాను తప్పు సెప్పేన్రా పిల్లలూ. దెబ్బా మాటా ఊపిరి కోసం కొట్టుకుంతాయన్నాను. కొట్టుకోవు. దెబ్బే మాటని మోస్తాది. ఇన్నాళ్లు కర్ర తిప్పేను, నాకు తెల్దు సూడు" అన్నారు. ఆయన ముఖం చూస్తే ఏదో నిధి దొరికిన మనిషిలా ఉంది. తర్వాత బుద్రి వైపు తిరిగి, "గుంటా, ఏనుగు ఇంకా నిలబడే ఉంది. వంతు నీదే. రూలు మారింది. రా" అన్నారు.

వాళ్ల నాన్నకి ఏనుగేమిటో అర్థం కాలేదు. కూతురు నవ్వడం మాత్రం చూశాడు. హెడ్మాస్టరు పరీక్షయ్యేదాకా పంపుతానన్నాడు. ఆ రోజు బుద్రి మాతోనే కొండ దిగింది.

దారిలో నేను ఊరుకున్నానా? ఆట మధ్యలో రూలు మార్చడం దొంగాట అన్నాను. సరైన వాదనే అని ఇప్పటికీ అంటాను. సారు ఆగి, "ఒక్కరి కోసం మారిస్తే దొంగాట. నలుగురికీ మార్తన్నాను. రేపు నీ పని సూసుకో" అన్నారు.

నిజంగానే నా పని అయిపోయింది. కొత్త రూలు ఇదీ. వంతు వచ్చినవాడు లేచి, కర్ర నేలకి తాటిస్తూ పలకాలి. దెబ్బకో పలుకు. మాట సరిగ్గా దెబ్బ మీద పడితే కత్తీ తగులుతుంది, పలుకూ పారుతుంది. ఇనుప చొక్కా తొడుక్కున్నవాడు బరువు కర్ర పట్టాలి. మధ్యలో శత్రువు కొట్టవచ్చు, అంటే సారు చింతగింజలు మన మీద విసురుతారు. మాట రాకపోతే ఉత్త దెబ్బ వేయవచ్చు, ఎన్నయినా వేయవచ్చు. కర్ర సాగుతున్నంతసేపూ వంతు మనదే. పక్కవాడెవడైనా మాట అందించాడో, ఆ పలుకు వాడి నెత్తిమీదే పేలుతుంది. ఆ చివరిది ప్రసాదు వైపు చూస్తూ చెప్పారు.

ప్రసాదు మాట ఎప్పుడూ దెబ్బకి ముందే దూకేసేది. నాది వెనకబడేది. బరువు కర్రతో మరీ ఘోరం. పిన్నిగారు మజ్జిగ తెచ్చి, మా అవస్థ చూసి అరుగు మీద కూలబడి నవ్వారు. బుద్రి ఓణీ బిగించి లేచింది. అందరికంటే బరువు కర్ర తనే ఎంచుకుంది. ఒక ఉత్త దెబ్బ. రెండో ఉత్త దెబ్బ. మూడో దెబ్బతో మాట బయటికొచ్చింది. తర్వాత వరసగా, రోకటి పోట్లలా, మాట మీద మాట. సారు విసిరిన చింతగింజ నుదుటికి తగిలినా కర్ర ఆగలేదు. పలుకు పూర్తయింది. ఏనుగు పడింది. మేం అరిచిన అరుపులకి పక్క క్లాసు నుంచి లెక్కల మేష్టారు పరిగెత్తుకొచ్చారు. బుద్రి మాత్రం కర్ర పట్టుకుని అలాగే నిలబడి, తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు పెదవులు తడుముకుంది.

అక్కడితో అయిపోలేదు కదా. హెడ్మాస్టరు గది ఉంది. రోజూ ఆట అయ్యాక సారు సాంఘిక శాస్త్రం పుస్తకం ఇచ్చి, కర్ర తాటిస్తూ చదవమనేవారు. తర్వాత కర్ర తీసేసి, అరచేత్తో తొడ మీద. తర్వాత వేలితో.

ఆ పరీక్ష రోజు నేనూ ప్రసాదూ చాక్‌పీసుల వంకన ఆఫీసు కిటికీ దగ్గర తచ్చాడాం. బుద్రి పుస్తకం పట్టుకుని నిలబడింది. ఎడమ చేత్తో తొడ మీద కొట్టుకోవడం మొదలెట్టింది. "ఏమిటా చేష్టలు? కుదురుగా చేతులు కట్టుకుని చదువు" అన్నారు హెడ్మాస్టరు. చెయ్యి ఆగింది. మాట గొంతులో ఇరుక్కుంది. మళ్లీ ఆ మెడ నరాలు.  అయిపోయింది, కొండెక్కి పోతుంది, ఇంక రాదు, అనుకున్నాను.

సారు గుమ్మం దగ్గరే ఉన్నారు. లోపలికి వెళ్లారు. మామూలుగా హెడ్మాస్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషి. "సార్, ఆ గుంట సేతులు ఇప్పనియ్యండి. ముసలోడి సేతికర్ర లాగీసి, నడువు సూత్తానంటే ఎలగండీ?" అన్నారు.  హెడ్మాస్టరు ఆయనవంక చూసి, సరేనన్నట్టు తలూపారు.

బుద్రి చదివింది. పేజీ అయిపోయింది, చాలమ్మా అన్నారు ఆయన. వినలేదు. పేజీ తిప్పింది. నదులన్నీ అయ్యాయి, కొండలన్నీ అయ్యాయి, పాఠం చివర ప్రశ్నలు కూడా చదివేసి అప్పుడాపింది. హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బయటికొచ్చాక సారు చేసిన అభినందన ఇదీ: "బేగి ఎల్లు, హాస్టల్లో అన్నం అయిపోద్ది."

బుద్రి పది పాసయింది, నర్సు ట్రైనింగు చేసింది. ఇప్పుడు హుకుంపేట వైపు ఊళ్లలో తిరిగి పిల్లలకి సూదులు వేస్తుంది. నత్తి పోలేదు. మధ్యలో ఒకసారి సారుని అడిగాను, ఏ డాక్టరుకైనా చూపిస్తే పోయేదేమో కదా అని. "పోతే మంచిదే. పోకపోతే ఏటి? ఆ పిల్ల వంతు ఆ పిల్లకుందా నేదా, అది సూడు" అన్నారు.

రిటైరయ్యాక సొంతూరు వెళ్లిపోయారు. బ్యాంకులో నాకు విజయనగరం బదిలీ అయ్యాక అప్పుడప్పుడు వెళ్లేదాన్ని. ఇంట్లో ఆయన కేరమ్ బోర్డు, గోడకి కర్రలు. ఇంకా ఆ ఆట రూల్సే ఆలోచిస్తూండేవారు. పోయినసారి కాఫీ తాగుతూ హఠాత్తుగా, "ఇద్దరు ఒకే కర్ర పట్టుకుని పలికితే ఎలగుంటాదంటావు?" అన్నారు. ఆట పాడవుతుందని నేను వాదించాను. గంట సేపు వాదించుకున్నాం. నేనే గెలిచాను. ఆయన అలిగారు. గుమ్మం దాకా వచ్చి సాగనంపకుండా లోపలే కూర్చుంటే, పిన్నిగారు నవ్వుతూ, "రెండ్రోజులు ఇంతే. నీకు తెల్దేటి?" అన్నారు. అదే ఆఖరు.

నాకు ఆయన మీద ఉన్నది గౌరవమొక్కటే కాదు, ఆశ్చర్యం. తన వంశంలో తరాల నుంచి వచ్చిన విద్య తప్పని ఒక కంచె పక్కన నిలబడి ఒప్పుకోవడానికి ఆయనకి ఒక్క క్షణం పట్టింది. ఒప్పుకుని సంతోషించారు కూడా. నాకు చేతకాదది. నేనైతే రూలు పుస్తకం చూపించి ఉండేదాన్ని.

పెద్దకార్యం రోజున వాళ్లింటి ముందు షామియానా వేశారు. పాత విద్యార్థులు చాలామందే వచ్చారు. ఒక పక్క బంతి భోజనాలు సాగుతున్నాయి, ఒక పక్క మైకులో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు. అందరూ గబగబా, బాగా, మేష్టారు మహానుభావులని చెప్పి దిగిపోయారు. నన్ను పిలిస్తే నా వల్ల కాలేదు. ప్రసాదు రెండు ముక్కలు చెప్పి ఏడ్చేశాడు. అప్పుడు వెనక వరసలోంచి బుద్రి లేచింది. డ్యూటీ చీరతోనే వచ్చింది. ఎవరూ పిలవలేదు. తనే వెళ్లి మైకు పట్టుకుంది.

చేత్తో తాళం వేస్తుందనుకున్నాను. వేయలేదు. రెండు చేతులూ మైకు మీదే. "మే..." అంది. అక్కడే ఇరుక్కుంది. బంతిలో తలలు లేచాయి. ముందు వరసలో ఒక పెద్దమనిషి పాపమనిపించి, "మేష్టారు, మేష్టారు" అని అందించబోయాడు. కుర్చీలో కూలబడి ఉన్న పిన్నిగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. బుద్రి కళ్లు మూసుకోలేదు. కంగారు పడలేదు. మమ్మల్నందర్నీ చూస్తూ నిలబడింది, ఆ మాట వచ్చేదాకా ఇంత జనమూ ఉండాల్సిందే అన్నట్టు. సాంబారు వడ్డిస్తున్నాయన బకెట్టు ఒక చేత్తో, నిండు గరిటె ఒక చేత్తో పట్టుకుని, ఆకు మీద వంచకుండా అలాగే ఆగిపోయి ఆమెవంక చూస్తున్నాడు.